ఆనందంలో చివరి ర్యాంకు

మా అకాడమీలో ఆటను ఆనందించడం ఏప్రిల్ ఒకటో తారీకు నుంచి తప్పనిసరి చేశారు. తారీకు చూసి ఎవరైనా తమాషా అనుకుంటారేమోనని, ఇది తమాషా కాదంటూ సర్క్యులర్ చివర ఇంకో వాక్యం వేశారు. తమాషాగా తీసుకున్నవారిపై క్రమశిక్షణ చర్యలుంటాయని కూడా అందులోనే ఉంది.

మాది రాయలసీమలో ఒక పట్నం శివార్లలో ఉన్న ఆడపిల్లల బేస్‌బాల్ అకాడమీ. రాయలసీమకీ బేస్‌బాల్‌కీ ఏమిటి సంబంధం అని అడిగేవాళ్లకి స్పోర్ట్స్ కోటా సంగతి తెలియదన్నమాట. క్రికెట్‌లో ఒక్కో చోటుకి వందమంది కొట్టుకుంటారు. బేస్‌బాల్‌లో అయితే బ్యాట్ ఏ వైపు పట్టుకోవాలో తెలిస్తే సగం సెలెక్ట్ అయినట్టే. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే డిగ్రీ కాలేజీలో సీటూ, హాస్టలూ రెండూ వస్తాయి. ఆట కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒకరు బంతి విసురుతారు, ఒకరు గుండ్రటి బ్యాట్‌తో కొడతారు, కొట్టి నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. మూడుసార్లు గురి తప్పితే ఔట్. మిగతాదంతా మా కోచ్ గోవర్ధన్ గారి అరుపులు.

గోవర్ధన్ గారు నిజానికి కబడ్డీ మనిషి. నేను ఖోఖో నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన అసిస్టెంట్‌ని. ఇద్దరిలో అరవగలిగినవాడు ఆయన కాబట్టి ఆయన్ని కోచ్ చేశారు. ఆయన పద్ధతి తేలికైనది. బంతి జారితే గ్రౌండు చుట్టూ రౌండ్లు, రౌండ్లలో వెనకబడితే గుంజీళ్లు, గుంజీళ్లలో మూలిగితే ఇంటికి ఫోను. దీనివల్ల మా పిల్లలకి బంతి మీద కన్నా కోచ్ గారి మొహం మీద గురి బాగా కుదిరింది. కిందటేడు రాష్ట్రస్థాయి సెమీఫైనల్లో ఆఖరి బ్యాటరు మూడు బంతులూ ఆయన మొహం చూస్తూనే వదిలేసి ఔటయ్యింది. ఆయన అప్పుడు కూడా అరిచారు, బంతి చూడమనే.

ఆ ఓటమి తరవాత మా డైరెక్టర్ పరంజ్యోతి గారిని బెంగళూరులో ఏదో సెమినార్‌కి పంపారు. అక్కడ ఎవరో నిపుణుడు చెప్పాడట: ఆటను ఆనందించేవాళ్లే బాగా ఆడతారు, కోచ్‌ల ఒత్తిడి ఎక్కువైతే చేతులు బిగుసుకుపోతాయి, చూపు చెదురుతుంది అని. ఆ మాట నిజం. నాకు ఏడుపొచ్చేది అక్కడే. అబద్ధం పట్టుకొచ్చిన అధికారిని ఎవరో ఒకరు ఎప్పటికైనా అడ్డుకుంటారు. నిజం పట్టుకొచ్చిన అధికారికి ఎదురు చెప్పేదెవరు?

పైగా పరంజ్యోతి గారు అకాడమీకి రాకముందు చాలా ఏళ్లు ఒక ఇంటర్మీడియట్ కాలేజీకి ప్రిన్సిపాల్. పిల్లల్ని తెల్లవారకముందే లేపడం, వారం వారం పరీక్షలు, ర్యాంకులు, గేటు ముందు టాపర్ల ఫోటోలతో ఫ్లెక్సీలు, వీటితో ఆయన చేతికింద రాని సీటు లేదు. సెమినార్ నుంచి వచ్చిన మర్నాడే స్టాఫ్ మీటింగ్ పెట్టారు. ఇకనుంచి మనది ఆనంద క్రీడా విధానం అన్నారు. నాకు నిజంగా సంతోషం వేసింది. అయితే సార్, పొద్దున ఒక గంట తగ్గించి పిల్లల్ని వాళ్లంతట వాళ్లని ఆడుకోనిద్దామా అని అడిగాను. టై కట్టుకోకుండా క్లాసుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు.

"వదిలేస్తే వచ్చేది అల్లరి, ఫణి గారూ. ఆనందం వేరు. ఆనందమనేది కోచింగ్ ఇచ్చి, ప్రాక్టీసు చేయించి, పరీక్ష పెట్టి రప్పించాల్సిన అంశం. ప్రణాళికాబద్ధంగా పోతే ఈ విద్యా సంవత్సరం చివరికి నూటికి నూరు శాతం ఆనందం సాధిస్తాం."

సాధించడం మొదలైంది. తెల్లవారుజామున ఇదివరకు పరుగు ఉండేది. ఇప్పుడు పరుగుకి ముందు ఆనంద సాధన గంట చేర్చారు. ఇంకొంచెం ముందు లేవాలి కాబట్టి పిల్లలు కళ్లు మూసుకునే ఆనందించేవాళ్లు. ప్రతి శనివారం ఆనందం స్లిప్ టెస్టు. మొదటి ర్యాంకుల వాళ్లు స్టార్ బ్యాచ్, తరవాత వాళ్లు బి సెక్షన్, మొహం వేలాడేసుకున్నవాళ్లు సి సెక్షన్. సి సెక్షన్‌కి సాయంత్రం ఆటలుండవు, అదనపు ఆనందం క్లాసులుంటాయి. మొత్తం మీద మూడు టెస్టుల్లో చివరి ర్యాంకు వస్తే సామాను సర్దుకుని ఇంటికి పోవడమే. రాష్ట్ర జట్టు ఎంపికకి పేర్లు పంపేది కూడా ఈ ర్యాంకుల్ని బట్టేనని తేల్చేశారు.

మార్కులు వేయడానికి కమిటీ వేశారు. అందులో ఒక పళ్ల డాక్టరు, ఒక రిటైర్డ్ ట్రెజరీ సూపరింటెండెంటు, ఫోటో స్టూడియో నడుపుకునే డైరెక్టరు గారి తోడల్లుడు. ఆనందాన్ని ఎలా కొలవాలన్న దాని మీద ఒక పూటంతా చర్చ జరిగింది. చివరికి డాక్టరు గారు శాస్త్రీయమైన సూత్రం చెప్పారు. పై వరస పళ్లు కనిపిస్తే ఆనందం, కింది వరస కూడా కనిపిస్తే పరమానందం. వెలుతురు సరిగ్గా లేకపోతే మార్కులు అన్యాయంగా పడతాయని తోడల్లుడు గారు అభ్యంతరం చెప్పి, గ్రౌండుకి రెండు ఫోకస్ లైట్లు తన షాపు నుంచే అద్దెకిచ్చారు.

గోవర్ధన్ గారి బాధ వేరు. ఆయనకి అరవకుండా మాట్లాడటం చిన్నప్పటి నుంచి అలవాటు లేదు. ఆనందించండమ్మా అని మెత్తగా చెప్పి చూశారు. రెండుసార్లు గొంతు పట్టేసింది. మూడో రోజుకి పాత దారిలోకే వచ్చారు. "ఏమ్మే, నగుతావా నగవా? నగకుంటే పది రౌండ్లు" అని గ్రౌండు అవతల రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినబడేలా అరిచేవారు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఒకసారి నవ్వి పోయేవాళ్లు, ఎందుకైనా మంచిదని.

మొదటి టెస్టులో ఫస్ట్ ర్యాంకు రిషితకి వచ్చింది. చక్కని పలువరస. బంతి తనవైపు వస్తుంటే రెండు కళ్లూ గట్టిగా మూసుకుని నోరు మాత్రం చెవుల దాకా తెరిచేది. కమిటీ ముగ్గురూ ఏకగ్రీవంగా పరమానందం వేశారు. ఫ్లెక్సీ కట్టిన రోజు ఆ పిల్లని పక్కకి పిలిచి, నిజంగా అంత బాగుంటుందా అమ్మా ఆట అని అడిగాను. "బంతి చూస్తే భయం సార్ నాకు. భయమైతే నాకు నగొస్తాది" అంది, నవ్వుతూనే.

చివరి ర్యాంకు ఓబులక్ష్మికి వచ్చింది.

ఓబులక్ష్మి గురించి కొంచెం చెప్పాలి. వాళ్లమ్మ సాలమ్మ వేరుశెనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. అమ్మ వెంట చేలోకి పోయి మట్టిపెళ్లల్ని కట్టెతో గాల్లోకి కొట్టడం ఈ పిల్ల ఆట. ఊరి బడిలో చూసి నేనే తీసుకొచ్చాను. మా అకాడమీలో వచ్చిన బంతి వచ్చినట్టు కొట్టగలిగిన పిల్ల ఆ ఒక్కతే. కోచ్ గారి అరుపులు కూడా ఆమె చెవిలోకి పోయేవి కావు. బ్యాట్ పట్టుకోగానే కనుబొమలు ముడిపడతాయి, నాలిక పళ్ల మధ్యకొచ్చి పక్కకి తిరుగుతుంది, ముక్కు ఎగపీలుస్తుంది. చూడ్డానికి ఎవరితోనో తగాదా పడుతున్నట్టుంటుంది. పళ్లు మాత్రం ఒక్కటీ కనపడదు, నాలిక అడ్డం కదా.

జాతీయ పోటీల్లో ఆడితే ఆమెకి కాలేజీ సీటు. లేకపోతే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో వాళ్లక్క పక్కన మిషను. ఆ మిషను దగ్గర స్టూలు అప్పటికే మాట్లాడిపెట్టారు. ఓబులక్ష్మికి ఈ రెంటి మధ్యా ఇంకో దారి లేదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

రెండో టెస్టులోనూ చివరి ర్యాంకే వచ్చేసరికి తల్లిని పిలిపించారు. సాలమ్మ పనిలోంచి అట్లే వచ్చింది, కాళ్లకి మట్టి కూడా పోలేదు. మీ కుమార్తెలో ఆనందం నిర్దేశిత స్థాయికన్నా తక్కువగా నమోదైంది, ఇంట్లో పరిస్థితులేమైనా కారణమా అని డైరెక్టరు గారు విచారించారు. ఆమెకి సగం అర్థం కాలేదు. "ఇంటికాడ బాగనే ఉంటాది సార్. జొరమొచ్చిండాదా?" అని కూతురి నుదురు పట్టుకుని చూసింది. విషయం నేను విడమరిచి చెప్పాక కూతురి వైపు తిరిగి, నగితే నీ సొమ్మేం పోతాదే, పెద్దోళ్లు అంతగా అడుగుతాండ్రు కదా అని తిట్టింది. బస్సెక్కేటప్పుడు మాత్రం, పిల్లని పంపించేయరు కదా సార్ అని నన్ను ఒకటే అడిగింది. పంపరులే అమ్మా అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

ఓబులక్ష్మికి స్పెషల్ కోచింగ్ పెట్టారు. హాస్టల్ అద్దం తెచ్చి ఆమె ఎదుట నిలబెట్టి, గోవర్ధన్ గారు బంతులు వేసేవారు. బంతి వచ్చేటప్పుడు అద్దం చూడాలి, పళ్లు కనబడుతున్నాయో లేదో సరిచూసుకోవాలి, అప్పుడు బ్యాట్ తిప్పాలి. ఆ పిల్ల ఒకరోజు నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఆడేటప్పుడు నాకు బంతి ఒగటే కనపడ్తాది సార్. మొగం యాడుందో నాకు తెలీదు. ఇప్పుడు మొగాన్ని చూసుకుంటాంటే బంతి యాడుందో తెలీడం ల్యా."

ఇది సెమినార్‌లో నిపుణుడు చెప్పిన ముక్కే. పోయి డైరెక్టరు గారితో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ప్రారంభ దశలో ఇటువంటి సర్దుబాటు సమస్యలు సహజం అని, అద్దం సైజు పెంచమన్నారు.

పెద్ద అద్దం వచ్చాక ఓబులక్ష్మి గాడిలో పడింది. మూడో టెస్టులో పై వరస చూపించి గండం గడిచి బయటపడింది. బి సెక్షన్‌కి ఎక్కింది. ఆ వారం ఆమె బ్యాట్‌కి ఒక్క బంతీ తగల్లేదు.

పక్క జిల్లా జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్ పెట్టారు. మా పిల్లలు మైదానమంతా పళ్లు బయటపెట్టుకుని నిలబడ్డారు. బంతి జారినా నవ్వే, కాళ్ల మధ్యనుంచి పోయినా నవ్వే. ఒక పిల్ల బోర్లా పడి మోకాలు చీరుకుపోయి, కళ్లనిండా నీళ్లతో కింది వరస కూడా చూపించింది. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అవతలి జట్టు పిల్లలు మొదట్లో బిత్తరపోయారు, తరవాత తమని వెక్కిరిస్తున్నారని కొట్లాటకొచ్చారు. స్కోరు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, మేం ఒక్క పరుగూ చేయలేదని మాత్రం చెబుతాను. డైరెక్టరు గారు పత్రికలవాళ్లతో, గెలుపోటములు పాతకాలపు కొలమానాలని, ఆనంద సూచీలో మా సంస్థ ప్రత్యర్థిని చిత్తుగా ఓడించిందని చెప్పారు.

ఇలా రాష్ట్రస్థాయి పోటీలొచ్చాయి. ఈసారి మా ఊళ్లోనే. ఆతిథ్యం ఇచ్చేవాళ్లం కాబట్టి ఫైనల్ దాకా మాకు తేలిక ప్రత్యర్థుల్నే వేశారు. ఒక జట్టయితే బస్సు చెడిపోయి రానేలేదు. ఎలాగైతేనేం ఫైనల్‌కి చేరాం. ఫైనల్ మధ్యాహ్నం దాకా సాగింది. ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి రెండు పరుగులు వెనకబడి ఉన్నాం, అప్పుడు భోజనాల పిలుపొచ్చింది.

మా దగ్గర వీఐపీల భోజనం అంటే నాటుకోడి, రాగిసంగటి. సంగటి చల్లారితే నోట్లోకి పోదు. కమిటీ ముగ్గురూ, డైరెక్టరు గారూ, రాష్ట్ర సంఘం వాళ్లూ లేచారు. వడ్డన దగ్గర లోపం రాకుండా చూడమని గోవర్ధన్ గారిని కూడా వెంటబెట్టుకుపోయారు. ఎప్పుడూ వినబడే అరుపు ఆగిపోయేసరికి గ్రౌండులో పిచ్చుకలు అరవడం వినబడింది. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒక్కొక్క నోరే మూసుకుంది. దవడలు నొక్కుకున్నారు పాపం.

అక్కడ మిగిలిన పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. ఏం చేయమంటారు సార్ అని అడిగారు. మీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోండి అన్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేనిచ్చిన కోచింగ్ అంతా కలిపినా ఆ ఒక్క మాటకి సరిపోదు.

ఇద్దరు పిల్లలు కొట్టి చెరో మూలకీ చేరారు. ఓబులక్ష్మి బ్యాట్ తీసుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి. నాలిక పళ్ల మధ్యకొచ్చి పక్కకి తిరిగింది. మొదటి బంతి వదిలేసింది. రెండోదాన్ని కొట్టిన చప్పుడుకి భోజనాల షామియానాలోంచి ఎవరో బయటికి తొంగిచూశారట. బంతి ప్రహరీ దాటి చింతతోపులో పడింది. ముగ్గురూ చుట్టి వచ్చారు. నేను అరిచిన అరుపు విని గోవర్ధన్ గారే గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

కప్పు గెలిచాం కాబట్టి విచారణ జరపక తప్పలేదు. ఎందుకంటే ఎవరో ఆ దెబ్బని సెల్‌ఫోన్‌లో తీశారు, మర్నాడు జిల్లా పేజీలో ఓబులక్ష్మి ఫోటో వేశారు, నాలిక బయటపెట్టి, మొహం ముడుచుకుని. ఆనంద విధానంతో సాధించిన విజయంలో ఒక్క పన్నైనా ఎందుకు కనబడలేదని పైనుంచి అడిగారట. కమిటీ కూర్చుంది. ఓబులక్ష్మిని నిలబెట్టారు.

"సదరు బంతిని కొట్టిన సమయంలో నువ్వు ఆనందంగా ఉన్నావా, లేవా? సూటిగా చెప్పు" అన్నారు డైరెక్టరు గారు.

"శానా సార్."

"మరి ముఖమందు ఎందుకు కనబడలేదు?"

"మొగానికి ఆడ వేరే పనుండె సార్."

కమిటీ చాలాసేపు తర్జనభర్జన పడింది. నా మనసులో ఆశ పుట్టింది, పిల్ల ఇంత తేటగా చెప్పింది కదా, ఈసారైనా అర్థమవుతుందని. అర్థమయింది కూడా. అసలైన ఆనందం నవ్వులో ఉండదు, ముడిచిన కనుబొమల్లోనూ పక్కకి తిరిగిన నాలికలోనూ ఉంటుందని కమిటీ నిర్ధారించింది. పాత సర్క్యులర్ రద్దయింది. సోమవారం నుంచి ఓబులక్ష్మి విధానం అమల్లోకొచ్చింది. కనుబొమల మధ్య ఎన్ని ముడతలు పడాలో డాక్టరు గారు నిర్ణయించారు. ముడతలు సరిగ్గా పడటానికి తోడల్లుడు గారు లైట్లు పక్కనుంచి పెట్టించారు. గేటు ముందు ఓబులక్ష్మి ఫ్లెక్సీ లేచింది, ప్రహరీకన్నా ఎత్తు. ఆనందంలో ఆమెకి పాత చివరి ర్యాంకులు రెండున్నాయే, అవి తీసేయమని అడిగాను. విధానం మారినా రికార్డు మారదన్నారు.

శనివారం కొత్త టెస్టు. పిల్లలంతా వరసగా నిలబడి, గోవర్ధన్ గారు ఈల వేయగానే కనుబొమలు ముడిచి నాలికలు బయటపెట్టారు. గోవర్ధన్ గారు ముందు నిలబడి తన నాలికే ఎడమ పక్కకి తిప్పి చూపిస్తూ, "తిప్పండే, ఇట్ల తిప్పండే" అని అరవబోయారు. నాలిక బయటుంటే మాట రాదు కదా, ఏదో శబ్దం వచ్చింది. ఆయన పక్కన రిటైర్డ్ సూపరింటెండెంటు గారు కూడా పిల్లలకి ఆదర్శంగా ఉండాలని నాలిక బయటపెట్టారు. ఓబులక్ష్మి అదంతా చూసింది. బిగబట్టుకోవాలని చూసింది, నేను దూరంనుంచి వద్దని తల కూడా ఊపాను. ఆగలేకపోయింది. నవ్వింది. పొట్ట పట్టుకుని, కింద కూలబడి, పై వరసా కింది వరసా అన్నీ కనబడేలా నవ్వింది. ఏడాది పాటు అద్దాలు పెట్టి మేం రప్పించలేని నవ్వు అది.

ఓబులక్ష్మి విధానంలో ఓబులక్ష్మికి చివరి ర్యాంకు వచ్చింది. పాతవి రెండూ, ఇదొకటీ, మొత్తం మూడు. కొత్త విధానం కాబట్టి టెస్టుల లెక్క మళ్లీ మొదలుపెట్టాలని నేను వాదించాను. గెలిపించిన పిల్ల సార్ అన్నాను. జాతీయ పోటీలు నెలలో ఉన్నాయి సార్ అన్నాను. ఆఖరికి చేతులు కూడా పట్టుకున్నాను. "నిబంధనలు వ్యక్తులకు అతీతం, ఫణి గారూ. విధానానికి పేరు పెట్టిన విద్యార్థినికే మినహాయింపునిస్తే విధానం మీద గౌరవం ఏముంటుంది?" అన్నారాయన. నిజంగా బాధపడుతూనే అన్నారు. నాకు అన్నిటికన్నా అదే మండింది.

మర్నాడు ఆ పిల్ల పెట్టె పట్టుకుని తన ఫ్లెక్సీ కిందనుంచి బయటికి నడిచింది. బస్టాండు దాకా పోయాను. ఏడుస్తుందనుకున్నాను, నేనే ఏడ్చాను. జాతీయ పోటీలకి రిషితని పంపారు. కళ్లు మూసుకునే పోయింది.

ఓబులక్ష్మి ఇప్పుడు రోజంతా చొక్కాలకి కాలర్లు కుడుతోంది. డిగ్రీ సీటు ఎవరిదో అయింది. ఆ కోపం నాకు చల్లారలేదు, చల్లార్చుకోను కూడా. అయితే ఆదివారాలు ఫ్యాక్టరీకి సెలవు. వెనక కంపచెట్లు కొట్టేసిన ఖాళీ జాగా ఒకటుంది. నాలుగు మూలలా నాలుగు గోనెసంచులు పరుచుకుని కుట్టుమిషన్ల పిల్లలంతా ఆడుతుంటారు. నేను అకాడమీలో పాతబడి పక్కన పడేసిన గ్లోవులు కొన్ని ఇచ్చొచ్చాను. మొన్న చూశాను, మా కప్పు గెలిచిన జట్టుకన్నా బాగా ఆడుతున్నారు. ఒకతి మొహం ముడుచుకుంటుంది, ఒకతి నవ్వుతుంది, ఒకతి బంతి కొట్టే ముందు బ్యాట్‌ని తిడుతుంది. ఎవరూ పట్టించుకోరు.

ఆ జాగా ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి. తెలిస్తే వాళ్లకి కూడా ఒక కోచ్‌ని వేస్తారు.